బ్యాంకు మూతపడితే నూటికి తొంభై తొమ్మిది మందికి డబ్బు వస్తుంది. మిగిలిన ఆ ఒక్కరు ఎవరు?

2022 సెప్టెంబర్ 22 సాయంత్రం పని వేళలు ముగియడంతో షోలాపూర్‌లోని లక్ష్మీ సహకార బ్యాంకు కథ కూడా ముగిసింది. రిజర్వు బ్యాంకు దాని లైసెన్సు రద్దు చేసింది. బ్యాంకు దగ్గర సరిపడా మూలధనం లేదని, ఇకముందు సంపాదించుకునే అవకాశమూ కనిపించడం లేదని కారణం చెప్పింది. అదే ప్రకటనలో ఊరటనిచ్చే మాట ఒకటి ఉంది. బ్యాంకు ఇచ్చిన లెక్కల ప్రకారం డిపాజిటర్లలో దాదాపు 99 శాతం మందికి తమ డబ్బు పూర్తిగా డిపాజిట్ బీమా కింద వస్తుంది. అప్పటికే, అంటే సెప్టెంబర్ 13 నాటికే, 193.68 కోట్ల రూపాయలు చెల్లించడం కూడా జరిగింది.

షోలాపూర్ మనవాళ్ల ఊరు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం నమ్ముకుని వెళ్లిన పద్మశాలీలు అక్కడ తరాలుగా స్థిరపడ్డారు. చద్దర్లు, తువ్వాళ్లు నేసిన చేతులు, బీడీలు చుట్టిన చేతులు దాచుకున్న రూపాయి అక్కడి సహకార బ్యాంకుల్లో, పతసంస్థల్లో, పిగ్మీ ఏజెంటు పుస్తకంలో ఉంటుంది. అందుకే ఈ మూత వార్తను బీదర్‌లో ఉన్నవారూ, బరంపురంలో ఉన్నవారూ ఒకసారి నిదానంగా చదువుకోవాలి. 99 శాతం అన్న అంకె అబద్ధం కాదు. అయితే అది మనుషుల లెక్క, డబ్బు లెక్క కాదు. మిగిలిన ఆ ఒక్క శాతంలో పెద్ద షావుకార్లే ఉంటారని అనుకుంటాం. చాలాసార్లు అక్కడ ఉండేది మన సంఘమే, మన గుడి కమిటీయే.

ముందు ఇంటి సంగతి చూద్దాం.

బ్యాంకు ఒక్క రోజులో మునగదు. లైసెన్సు రద్దుకు పది నెలల ముందే, 2021 నవంబర్ 12న, లక్ష్మీ బ్యాంకు మీద ఆంక్షలు పడ్డాయి. కొత్త అప్పులు ఇవ్వకూడదు, కొత్త డిపాజిట్లు తీసుకోకూడదు. ఒక్కో డిపాజిటరు అన్ని ఖాతాల్లోంచి కలిపి 1,000 రూపాయలకు మించి తీసుకోవడానికి వీల్లేదు. వెయ్యి రూపాయలతో వారం ఇల్లు గడవదు, పెళ్లి పెట్టుకున్న ఇంటి మాట చెప్పనే అక్కర్లేదు. ఇలా ఆంక్షలు పడిన రోజున చేయవలసిన పనులు కొన్ని ఉంటాయి. పెన్షన్, గ్యాస్ సబ్సిడీ, స్కాలర్‌షిప్ వంటివి ఆ ఖాతాలో పడుతుంటే వెంటనే వేరే బ్యాంకుకు మార్పించుకోవాలి, లేకుంటే కొత్తగా వచ్చిన డబ్బూ అక్కడే ఇరుక్కుంటుంది. ఆ ఖాతా మీద ఇచ్చిన చెక్కులుంటే తీసుకున్నవాళ్లకు ముందుగా చెప్పుకోవాలి. తీసుకున్న అప్పు కిస్తులు మాత్రం ఆగవు. బ్యాంకే మునిగింది కదా అని కట్టడం మానేస్తే రేపు లిక్విడేటరు వడ్డీతో సహా వసూలు చేస్తాడు. లాకర్లో పెట్టిన నగలు బ్యాంకు ఆస్తి కావు, మీవే. తెచ్చుకోవచ్చు.

ఇక బీమా. డీఐసీజీసీ అని పిలిచే డిపాజిట్ బీమా కార్పొరేషన్ రిజర్వు బ్యాంకుకు చెందిన సంస్థ. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు, మహారాష్ట్రలోని అకోలాలో మరో బ్యాంకు కూలిపోయాక దేశం మేలుకుని చట్టం చేసింది. ఆ అకోలా బ్యాంకు పేరు కూడా లక్ష్మీయే. 1962 జనవరి 1న పని మొదలుపెట్టినప్పుడు బీమా 1,500 రూపాయలు. 1993 నుంచి లక్ష. 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. ఈ బీమా ప్రీమియం కట్టేది బ్యాంకు, మనం కాదు. మనం దరఖాస్తు పెట్టుకోవలసిన అవసరమూ లేదు.

ఇదివరకు ఈ బీమా డబ్బు రావాలంటే బ్యాంకు లైసెన్సు రద్దు కావాలి, లిక్విడేటరు రావాలి. ఆంక్షల కింద బ్యాంకు చావక బతకక పడి ఉన్నంత కాలం డిపాజిటరుకు ఏమీ వచ్చేది కాదు. పుణెలోని రూపీ సహకార బ్యాంకు మీద 2013 ఫిబ్రవరిలో ఆంక్షలు పెట్టారు. దాని లైసెన్సు రద్దయింది 2022లో. మధ్యలో తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో ఎన్ని ముసలి ప్రాణాలు పాస్‌బుక్ పట్టుకునే వెళ్లిపోయి ఉంటాయో ఊహించుకోవచ్చు. 2021లో చట్టం మార్చారు. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి, ఆంక్షలు పడిన 90 రోజుల్లోపు బీమా డబ్బు ఇవ్వాలి. మొదటి 45 రోజుల్లో బ్యాంకు డిపాజిటర్ల జాబితా పంపాలి, తర్వాతి 45 రోజుల్లో కార్పొరేషన్ సరిచూసి చెల్లించాలి. బ్యాంకును ఇంకొకదానిలో కలిపే ఆలోచన నడుస్తుంటే ఈ గడువు మరో 90 రోజులు సాగవచ్చు. లక్ష్మీ బ్యాంకు డిపాజిటర్లకు లైసెన్సు రద్దుకు ముందే డబ్బు అందింది ఈ మార్పు వల్లనే.

5 లక్షలు అన్నది ఎలా లెక్కపెడతారో చాలామందికి తెలియదు. అసలు, వడ్డీ కలిపి 5 లక్షలు. ఒక మనిషికి, ఒక బ్యాంకులో, అన్ని శాఖలూ కలిపి. అంటే అశోక్ చౌక్ శాఖలో కొంత, ఇంకో పేటలోని శాఖలో కొంత పెడితే రెండు బీమాలు రావు.

మరమగ్గాలు నడుపుకునే ఒక ఇల్లు అనుకుందాం. ఇంటి పెద్ద పేరున పొదుపు ఖాతాలో లక్షన్నర, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీతో కలిపి 3 లక్షల 20 వేలు ఉన్నాయి. మగ్గాల వ్యాపారానికి వేరే పేరుతో కరెంటు ఖాతా ఉంది, అందులో 90 వేలు. బోర్డు మీద పేరు వేరైనా యజమాని ఆయన ఒక్కడే కాబట్టి ఆ డబ్బు కూడా ఆయన లెక్కలోకే వస్తుంది. మొత్తం 5 లక్షల 60 వేలు. బీమా 5 లక్షలకే, 60 వేలు బయట పడ్డాయి. అదే వ్యాపారం భాగస్వామ్య సంస్థ అయి ఉంటే దానికి విడిగా 5 లక్షల బీమా ఉండేది. ఆయన భార్య పేరున 4 లక్షలుంటే అది పూర్తిగా ఆమె లెక్క. ఇద్దరి పేరునా ఉమ్మడి ఖాతా ఉంటే దానిది ఇంకో లెక్క. ఉమ్మడి ఖాతాల్లో పేర్ల వరుస మారినా, అంటే ఒకదానిలో భర్త పేరు ముందు, మరొకదానిలో భార్య పేరు ముందు ఉన్నా, రెండింటినీ వేర్వేరుగానే చూస్తారు. మైనరు పిల్లల పేరున సంరక్షకుడిగా తెరిచిన ఖాతా కూడా వేరే.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఆ ఇంటి పెద్ద అదే బ్యాంకుకు 2 లక్షలు బాకీ ఉన్నాడనుకోండి. బ్యాంకు ఆ బాకీని డిపాజిట్లోంచి మినహాయించుకున్నాకే బీమా లెక్క వేస్తారు. 5 లక్షల 60 వేలలో 2 లక్షలు పోతే 3 లక్షల 60 వేలు, అది మొత్తం బీమాలోకి వస్తుంది. అప్పూ తీరింది, బయట పడిన 60 వేలూ దక్కాయి. అప్పున్నవాడే ఇక్కడ అదృష్టవంతుడు. కానీ ఆ అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకు కొనిపించిన షేర్లు మాత్రం డిపాజిట్ కావు. వాటికి బీమా లేదు. అవి పోయినట్టే లెక్క.

మన ఇళ్లలో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేర్లది. మహారాష్ట్ర కాగితాల్లో తన పేరు, తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఆధార్‌లో ఒక తీరు, పాత పాస్‌బుక్‌లో ఇంకో తీరు, పెళ్లయ్యాక ఆడపిల్లల పేరు మూడో తీరు. బీమా డబ్బు కావాలంటే డిపాజిటరు సమ్మతి పత్రం రాసివ్వాలి, గుర్తింపు కాగితాలు ఇవ్వాలి, డబ్బు పడవలసిన వేరే బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి. అప్పుడు ఈ పేర్లు కలవకపోతే 90 రోజుల గడువు మీకు వర్తించకుండా పోతుంది. తాత పేరున ఉన్న డిపాజిట్‌కు నామినీ లేకుంటే సంగతి మరీ అన్యాయం. ఈ పని బ్యాంకు బాగున్నప్పుడే చేసుకోవాలి. కౌంటర్లో ఒక మధ్యాహ్నం పోతుంది, అంతే.

ఇంతవరకు చెప్పినదంతా రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న బ్యాంకుల గురించి. పతసంస్థ బ్యాంకు కాదు. కర్ణాటకలో సౌహార్ద సహకారి పేరుతో నడిచే పరపతి సంఘం బ్యాంకు కాదు. తమిళనాట నిధి కంపెనీ బ్యాంకు కాదు. చిట్టీల సంగతి మీకు తెలిసిందే. వీటిలో ఏ ఒక్కదానికీ ఒక్క రూపాయి డిపాజిట్ బీమా లేదు. ఒడిశాలో చిట్‌ఫండ్ పేరు చెప్పుకుని డిపాజిట్లు దండుకున్న కంపెనీలు కూలినప్పుడు అక్కడి మనవాళ్లకు ఇది తెలిసివచ్చింది. పరపతి సంఘాలు పేరులో బ్యాంకు అనే మాట వాడుకోవడం చట్టవిరుద్ధమని, వాటి డిపాజిట్లకు బీమా ఉండదని 2021 నవంబర్‌లో రిజర్వు బ్యాంకు బహిరంగంగానే హెచ్చరించింది. కర్ణాటకలో లైసెన్సు ఉన్న సౌహార్ద బ్యాంకులూ ఉన్నాయి కాబట్టి పేరు చూసి తేల్చుకోలేం. బీమా ఉన్న బ్యాంకుల జాబితా డీఐసీజీసీ వెబ్‌సైటులో ఉంటుంది. మీ బ్యాంకు పూర్తి పేరు అందులో ఉందా లేదా అన్నదే పరీక్ష.

పతసంస్థలన్నీ మోసాలని నేను అనడం లేదు. జాతీయ బ్యాంకు గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో నూలుకు డబ్బిచ్చింది, ఆస్పత్రికి డబ్బిచ్చింది అవే. అక్కడ మన భాష మాట్లాడే మనిషి ఉంటాడు. అయితే పరిచయం బీమా కాదు. పైగా ఇందులో కంటికి కనిపించని గొలుసు ఒకటుంది. పతసంస్థ తన సభ్యుల డబ్బులో కొంత తీసుకెళ్లి పట్టణ సహకార బ్యాంకులో డిపాజిట్ చేస్తుంది. అక్కడ ఆ పతసంస్థ ఒకే డిపాజిటరు. దాని వెనక 600 మంది సభ్యుల 25 లక్షలు ఉన్నా, బీమా వచ్చేది 5 లక్షలే. సభ్యుడు వేసింది 4 వేలే కదా, చిన్న డిపాజిటరే కదా అని ఎవరూ విడదీసి చూడరు.

సంఘాలదీ ఇదే లెక్క. కళ్యాణ మండపం కోసం పోగుచేసిన చందాలు, గుడి హుండీ డబ్బు, విద్యార్థి వసతి గృహం నిధి, సామూహిక వివాహాల నిధి, ఇవన్నీ సంఘం పేరున ఒకే ఖాతాలో ఉంటాయి. 40 లక్షలుంటే 35 లక్షలు బయటే. రిజర్వు బ్యాంకు లెక్కలో మాత్రం ఆ సంఘం ఒక్క డిపాజిటరు, నూటిలో ఒకటో వంతు. ఆ ఒక్కటి వెనక ఎన్ని ఇళ్లున్నాయో ఆ అంకెలో కనిపించదు.

ముంబైలో పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు, పీఎంసీ, 2019 సెప్టెంబర్‌లో కూలినప్పుడు ఇది బాగా బయటపడింది. ఆ బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో 70 శాతానికి పైగా ఒకే రియల్ ఎస్టేట్ గ్రూపుకు ఇచ్చి, దొంగ ఖాతాల చాటున దాచింది. అందులో డబ్బు పెట్టినవాళ్లలో పరపతి సంఘాలు ఎన్నో ఉన్నాయి. రిజర్వు బ్యాంకు ఉద్యోగుల సొంత పరపతి సంఘాల డబ్బు కూడా అందులోనే ఉండిపోయింది. బ్యాంకులను తనిఖీ చేసే చోట పనిచేసేవాళ్లకే తెలియనిది మన సంఘం కోశాధికారికి తెలియలేదని ఎవరిని తప్పుపట్టగలం? 2022 జనవరిలో పీఎంసీని యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిపారు. మామూలు డిపాజిటర్లకు 5 లక్షలు పోగా మిగిలింది విడతలవారీగా, పెద్ద మొత్తాలైతే 10 సంవత్సరాల వరకు ఆగి తీసుకోవాలి. సంస్థలకు ఆ మాత్రం హామీ కూడా దక్కలేదు. బీమా పోగా మిగిలినదానిలో 80 శాతాన్ని ఏడాదికి 1 శాతం డివిడెండ్ ఇచ్చే ప్రిఫరెన్స్ షేర్లుగా, 20 శాతాన్ని ఈక్విటీ వారెంట్లుగా మార్చేశారు. డిపాజిట్ వేసిన సంఘం తెల్లారేసరికి షేర్‌హోల్డరు అయింది.

అది కలిపిన బ్యాంకు కథ. లక్ష్మీ బ్యాంకులా రద్దయిన చోట దారి వేరు. అమెరికాలో మన పిల్లలు చెబుతుంటారు, శుక్రవారం బ్యాంకు మూస్తే సోమవారానికి బీమా డబ్బు చేతిలో ఉంటుందని. అక్కడ బీమా ఇచ్చే సంస్థే రిసీవరుగా బ్యాంకును స్వాధీనం చేసుకుంటుంది. మన దగ్గర ఇద్దరు. బీమా ఇచ్చేది కేంద్రం వైపు కార్పొరేషన్. బ్యాంకును ముగించే లిక్విడేటరును నియమించేది రాష్ట్ర సహకార శాఖ. మహారాష్ట్రలో అతన్ని అవసాయక్ అంటారు. పత్రికలో ఆ మాటతో ప్రకటన వస్తే మన సంగతే అని గుర్తుపట్టాలి.

లిక్విడేటరు బ్యాంకు భవనం అమ్ముతాడు, బాకీదారుల వెంట పడతాడు, కోర్టుల్లో దావాలు నడుపుతాడు. తాకట్టు పెట్టిన మగ్గాల షెడ్డుకు కొనేవాడు దొరకాలి. దొరికినా పాత ధర రాదు. ఇలా వచ్చిన డబ్బులోంచి ముందు ఆ ఖర్చులు, ఆ తర్వాత కార్పొరేషన్ చెల్లించిన బీమా సొమ్ము తిరిగి కట్టాలి. 5 లక్షలకు మించి ఉన్నవాళ్ల వంతు తర్వాత. ఈ వరుస తెలియక, బీమా వచ్చింది కాబట్టి మిగతాది కూడా ఆరు నెలల్లో వస్తుందని ఎదురుచూసేవాళ్లుంటారు. ఏళ్లు పడుతుంది. ఎంత వస్తుందో ఎవరూ ముందే చెప్పలేరు. సంఘం పేరున క్లెయిము మాత్రం లిక్విడేటరు ప్రకటించిన గడువులోపు, కమిటీ తీర్మానం కాపీతో, రసీదు తీసుకుని దాఖలు చేయాలి. కమిటీ మారిపోయిందని, పాత కోశాధికారి కాగితాలు అప్పగించలేదని ఆ గడువు ఆగదు.

సంఘాలు చేయగలిగింది ఉంది. మహారాష్ట్రలో పబ్లిక్ ట్రస్టుగా రిజిస్టరైన గుడి లేదా సంఘం డబ్బు ఎక్కడ పెట్టాలో చట్టమే చెబుతుంది: షెడ్యూల్డ్ బ్యాంకు, పోస్టాఫీసు సేవింగ్స్, ప్రభుత్వం ఆమోదించిన సహకార బ్యాంకు, ప్రభుత్వ సెక్యూరిటీలు. అర శాతం వడ్డీ ఎక్కువని, చైర్మన్ మనవాడని పతసంస్థలో పెడితే రేపు ట్రస్టీలే జవాబు చెప్పుకోవాలి. జాతీయ బ్యాంకులో కూడా బీమా 5 లక్షలే, ఆ మాట దాచనవసరం లేదు. అయితే ఈ మధ్యకాలంలో పెద్ద బ్యాంకు తూలినప్పుడు ప్రభుత్వం, రిజర్వు బ్యాంకు నిలబెట్టాయి. 2020 మార్చిలో యెస్ బ్యాంకు డిపాజిటర్లు రెండు వారాలు ఇబ్బంది పడ్డారు కానీ డబ్బు పోలేదు. చిన్న ఊరి బ్యాంకుకు ఆ వైభోగం లేదు. రోజువారీ ఖర్చులకు దగ్గరలోని సహకార బ్యాంకులో 5 లక్షల లోపు ఉంచుకుని, మూలనిధిని రెండు మూడు పెద్ద బ్యాంకుల్లో పంచి పెట్టడం నాకు సబబుగా తోస్తుంది. మన సహకార బ్యాంకును మనమే కాదంటే ఎలా అనేవాళ్లుంటారు. వాళ్ల ఆవేదన నిజమే. కానీ సంఘం డబ్బు ఆ ప్రేమ చూపించడానికి ఇచ్చింది కాదు.

ఈసారి సంఘం సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదివినప్పుడు మొత్తం ఎంత అని మాత్రమే కాక, ఏ బ్యాంకులో ఎంత, ఏ పేరున, ఆ బ్యాంకు బీమా జాబితాలో ఉందా అని అడగండి. జవాబును మినిట్స్‌లో రాయించండి. ఆ బ్యాంకు తన సొంత సర్వసభ్య సమావేశం జరిపిందా, ఆడిట్ నివేదిక ఇచ్చిందా అన్నది కూడా అప్పుడే కనుక్కోవచ్చు, ఎందుకంటే అప్పు తీసుకుని షేరు కొన్న సభ్యులు ఆ గదిలోనే నలుగురైనా ఉంటారు.